అప్‌డేట్: క్వెన్యాలో 'కర్నె' చివర 'ఎ' ఎందుకు?

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత టోల్కిన్ తన కథల్లోని ఎల్ఫుల కోసం కల్పించిన భాష క్వెన్యాలో నలుపు 'మోర్న' అయితే ఎరుపు 'కర్నె' ఎందుకయిందని అడిగాను కదా, తేలింది.

'మోర్' ధాతువుకి 'న' చేరితే మోర్న, అంతే. ఎరుపు ధాతువు 'కరన్'. దాన్నుంచి వచ్చిన పాత రూపం చివర పొట్టి 'ఇ' ఉండేది, పదాంతంలో అదే 'ఎ' అయింది. సమాసం మధ్యలో మాత్రం చెక్కుచెదరలేదు: ఆయన నవలలో ఒక రోవన్ చెట్టు (ఎర్ర పళ్ళు కాసేది) పేరు 'కర్నిమీరియె' చూడండి, ఎర్రమణుల సింగారం అన్నమాట. బహువచనం కూడా 'కర్ని'యే. తెలుపు 'నింక్వె'దీ ఇదే కథ.

1987లో అచ్చయిన టోల్కిన్ ధాతువుల పట్టికలోంచి నాలుగు పేజీలు విజయనగరం కోట దగ్గర ప్రింట్ తీయిస్తే, షాపాయన "ఏ పరీక్షకి బాబూ?" అన్నాడు. గ్రూప్ టూ అనేశాను!

ఆకుపచ్చ 'లైక్వ' మాత్రం 'అ'తోనే ముగుస్తుంది, రంగులన్నిటికీ ఒకే సూత్రం పట్టించకండి.