‘వజ్రలేపో భవిష్యతి’: ఏమిటీ లేపం?

ప్రశ్న: “పుణ్యక్షేత్రే కృతం పాపం వజ్రలేపో భవిష్యతి” (పుణ్యక్షేత్రంలో చేసిన పాపం వజ్రలేపమై అంటుకుంటుంది) అంటారు కదా. వజ్రలేపం అంటే వజ్రాల పొడి కలిపిన పూతా, లేక గట్టిగా అంటుకుంటుందని చెప్పడానికి వాడిన మాటేనా?

జవాబు: వజ్రంతో సంబంధం పేరు వరకే. వజ్రలేపం నిజంగా తయారుచేసుకునే సరుకు. 6వ శతాబ్దపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు తన బృహత్సంహిత గ్రంథంలో దానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. మొదటి రకంలో పడేవి పచ్చి వెలగకాయలు, బూరుగు పూలు, గుగ్గిలం లాంటివి. గుళ్లకీ విగ్రహాలకీ వేడివేడిగా పూస్తే ‘వర్షసహస్రాయుతస్థాయీ’, అంటే కోటి ఏళ్లు నిలుస్తుందట. (గ్యారంటీ కార్డు ఇచ్చినట్టు మాత్రం లేదు!) ఆ తర్వాత చెప్పిన ఇంకో రకంలో కొమ్ములు, గాడిద వెంట్రుకలు, గేదె తోలు వస్తాయి. 12వ శతాబ్దపు సంస్కృత గ్రంథం మానసోల్లాసానికి వచ్చేసరికి చిత్రకారుల వజ్రలేపం గేదె తోలుతోనే. తోలును వెన్నలా అయ్యేదాకా నీళ్లలో ఉడికించి, కడ్డీలు చేసి ఎండబెట్టుకోవాలి. కావలసినప్పుడు కరిగించి రంగుల్లో కలుపుకోవాలి.

ఇంకొకరు: అంటే ఉర్దూలో సరేస్ అనే తోలు బంకే కదా! అది వేడినీళ్లు తగిలితే ఊడొస్తుంది. వయొలిన్లు బాగుచేసేవాళ్లు దాన్ని వాడేది అందుకే.

జవాబు: నిజమే. శ్లోకం చెప్పినాయన మనసులో ఉన్నది మొదటి రకమే అయ్యుండాలి. తోలు రకమైతే ఒక్క వేడినీళ్ల స్నానంతో పాపం వదిలిపోయేది.

మరొకరు: ఇంత కంపుకొట్టే పని చేసి బాగుపడినవాళ్లు ఉన్నారా?

జవాబు: ఎందుకు లేరు? న్యూయార్క్‌లో పీటర్ కూపర్‌ని చూడండి. బండ్లు తయారుచేసే చోట పని నేర్చుకున్నాడు, కిరాణా కొట్టు నడిపాడు. 1821లో ఊరి చివర సన్‌ఫిష్ చెరువు దగ్గరున్న బంక ఫ్యాక్టరీని 2,000 డాలర్లకు కొన్నాడు. కబేళాలు పక్కనే ఉండటంతో ముడిసరుకుకు కొరత లేదు.

పని చూడటానికి తేలికే. తోలు ముక్కల్ని సున్నపునీళ్లలో నానబెట్టి, కడిగి, సన్నని సెగ మీద ఉడికిస్తారు. ఆ రసం చల్లారి గడ్డకట్టాక పలకలుగా కోసి వలల మీద ఆరబెడతారు. సెగ ఎక్కువైతే పట్టు పోతుంది, నేర్పంతా అక్కడే ఉంది. కూపర్ ఆ నేర్పుతోనే డబ్బు గడించాడు. చెరువు మాత్రం ఫ్యాక్టరీ మురికితో పాడై, 1839లో దాన్ని ఎండగట్టి పూడ్చేశారు. లాభాల కథ చెప్పేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు.

తర్వాత ఇనుములోనూ దిగాడు. కొడుకు ఎడ్వర్డ్, అల్లుడు ఏబ్రమ్ హ్యూవిట్ వ్యాపారాల్లో చేరారు, ఆపైన ఇద్దరూ న్యూయార్క్ మేయర్లయ్యారు. ఆ డబ్బుతోనే 1859లో కూపర్ యూనియన్ అనే విద్యాసంస్థ వెలిసింది. బంకకు దగ్గరి చుట్టమైన జెలటిన్‌తో చేసే తినుబండారానికి 1845లో పేటెంట్ తీసుకున్నదీ ఈయనే. శాకాహారులు జెల్లీ పొట్లం కొనేముందు వెనక్కి తిప్పి చదువుకోవడం మంచిది.