అప్‌డేట్: లేబర్ షెడ్‌లో ఆ అక్క మాట్లాడింది

బెంగళూరులో భవన కార్మికుల షెడ్లలో సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నానని, కర్నూలు నుంచి వలస వచ్చిన ఒక అక్క నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంటోందని, ఆమెకు నమ్మకం ఎలా కలిగించాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు నీ లోపల ఏం జరుగుతోందో చూసుకో" అన్న సలహా బాగా పనికొచ్చింది. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే నాకు టెన్షన్, వెంటనే పథకాల గురించి చెప్పేయాలనిపిస్తుంది. ఈసారి ఆ తొందరను గమనించుకుని, ఫారాలు బ్యాగులోనే ఉంచి పక్కన కూర్చున్నాను.

బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మేస్త్రీ దుడ్లు ఆపినాడు, ఊర్లో పాప ఉంది" అంది. "డబ్బుల కంటే పాప గురించే ఎక్కువ దిగులుగా ఉందా అక్కా?" అన్నాను. చేటలో చేయి ఆగింది. "అవునమ్మా, ఎదిగిన పిల్ల. ముసలామె కాడ ఇడిసిపెట్టి వచ్చినా" అంటూ చాలాసేపు మాట్లాడింది. 1957లో మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 'యాక్టివ్ లిజనింగ్' గురించి రాసింది ఇదే: మాట వెనక ఉన్న బాధను కూడా వినడం.

తర్వాత లేబర్ కార్డు (భవన కార్మికులుగా నమోదైనవాళ్లకు పథకాల కోసం ఇచ్చే కార్డు) గురించి తనే అడిగింది. రూల్ ప్రకారం వయసు 18–60 మధ్య ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు పనిచేసి ఉంటే చాలు. మేస్త్రీ మీద ఫిర్యాదు మాత్రం ఇప్పుడే వద్దంది, అతనిదీ వాళ్ల ఊరే. ఆ నిర్ణయం ఆమెదే. నోట్‌బుక్‌లో ఏది రాసుకోవాలన్నా ఆమెను అడిగే రాస్తున్నాను, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే.

పాపను కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్పిస్తే హాస్టల్ కూడా ఉంటుందని చెప్పాను. కర్నూలు వైపు అడ్మిషన్ల గురించి తెలిసినవాళ్లుంటే చెప్పండి.