సొంతంగా క్యాంపర్ వ్యాన్: ఇంట్లో ఉన్న ఈకో సరిపోతుందా, పాత ట్రావెలర్ కొనాలా?

కొండారెడ్డి బురుజు:

అందరికీ నమస్కారం. మేము కర్నూలులో ఉంటాము. వచ్చే జూన్‌లో నా ఉద్యోగ విరమణ. ఆ తరువాత ఒక బండిని క్యాంపర్ వ్యాన్‌గా, అంటే లోపలే పడుకుని ఉండగలిగే బండిగా మార్చుకుని, నేనూ మా ఇంటావిడా వీలైనన్ని రోజులు రోడ్డు మీదే గడపాలని అనుకుంటున్నాము. మొదట గండికోట, అహోబిలం, శ్రీశైలం వంటి దగ్గరి చోట్లు చూసుకుని, బండి మీద నమ్మకం కుదిరాక అరకు, ఆ పైన ఒడిశా వైపు వెళ్ళాలని ఆలోచన.

మా దగ్గర అయిదు సీట్ల పెట్రోలు మారుతి ఈకో వ్యాన్ ఉంది. తెలిసినవారొకరు పసుపు ప్లేటు ఉన్న (కిరాయికి తిప్పే బండిగా రిజిస్టరైన) పాత ఫోర్స్ ట్రావెలర్ మినీబస్సును అమ్ముతామంటున్నారు. లోపల నిలబడి తిరగవచ్చునన్నదే దాని ఆకర్షణ. చెక్కపని నాకు వచ్చు, ఇంటి వైరింగ్ కూడా కొంత తెలుసు కనుక పని నేనే చేసుకోవాలని పట్టుదల. పడక, చిన్న ఫ్రిజ్, ఫ్యాను, రెండు లైట్లు, టీ కాచుకోవడానికి ఒక పొయ్యి ఉంటే మాకు చాలు.

వీడియోలు చాలా చూశాను. అయితే అవన్నీ చలిదేశాల వారు చేసినవి. వారు గోడల నిండా ఉన్నిలాంటి సరుకు కూరుతున్నారు, బండి లోపల హీటరు పెడుతున్నారు. మన రాయలసీమ ఎండకు అందులో ఏది పనికి వస్తుందో తెలియడం లేదు. ఆర్సీ విషయంలో చిక్కులు వస్తాయా అన్నది మరో బెంగ. పని ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత ఈకో:

నమస్కారం సార్. రంపం పట్టుకునే ముందు ఆర్సీ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే మీరు చేయబోయే డిజైన్ అంతా దాని మీదే ఆధారపడుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని తన వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలు ఏర్పడింది. రోడ్డు మీద ఆపే పోలీసుకన్నా నాకు భయం బీమా కంపెనీ అంటేనే. మీరు వారికి తెలియజేయని మార్పు ఒకటి బండిలో కనబడితే, ప్రమాదం తరువాత క్లెయిము దగ్గర అదే అడ్డం వస్తుంది.

కాబట్టి ఈకోలో చేసేదంతా విప్పి దించగలిగే సామానుగా ఉండాలి. రేకు కోయకండి, టాపుకు చిల్లు పెట్టకండి, వెనుక సీటును శాశ్వతంగా తీసేయకండి. ఆర్సీలో అయిదు సీట్లని ఉన్నప్పుడు రెండే ఉంటే అది కూడా తేడాయే. నేను చేసుకున్నది ఇది: డిక్కీలో పట్టే ఒక పెట్టె, దాని మీద మూడు మడతల పలక. ప్రయాణంలో అది సామాను పెట్టె. ఆగిన తరువాత పలకను సీటు మీదుగా ముందుకు విప్పి, కాళ్ళు దించి, పరుపు వేసుకుంటే పడక. ఇంటికి రాగానే ఇద్దరం పట్టి కిందికి దించితే బండి మళ్ళీ మామూలు ఈకో.

చోటు విషయంలో భ్రమలు పెట్టుకోవద్దు. ఈకో బయటి పొడవు 3,675 మి.మీ., వెడల్పు 1,475 మి.మీ., ఎత్తు 1,825 మి.మీ. లోపలికి వచ్చేసరికి వెడల్పు నాలుగడుగుల పైచిలుకు మిగులుతుంది. ఇద్దరు పడుకోవచ్చు గాని, నిలబడడం అన్న ప్రశ్నే లేదు. పడక ఎత్తు పెంచితే కింద సామాను ఎక్కువ పడుతుంది, పైన కూర్చుంటే తల తగులుతుంది. ముందు ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, వాటి మీద మీ ఇంటావిడను కూర్చోబెట్టి చూసి, ఆవిడ ఒప్పుకున్న ఎత్తుకే చెక్క కోయండి.

గోదావరిఖని ఎండ:

ఆర్సీ గురించి పై సోదరులు చెప్పారు కనుక నేను వేడి గురించి, కరెంటు గురించి రాస్తాను.

మీరు చూసిన వీడియోల్లో వారి బాధ లోపలి వెచ్చదనం బయటికి పోకుండా ఆపడం, ఊపిరిలోని తేమ చల్లని రేకుకు తగిలి నీరుగా మారకుండా చూడడం. మన బాధ దానికి పూర్తిగా తిరగబడినది. మే నెలలో ఎండలో నిలిపిన బండి టాపు మీద చెయ్యి ఆనదు. ఆ రేకు సాయంత్రం వరకు లోపలికి వేడిని దించుతూనే ఉంటుంది. ఇన్సులేషన్ ఆ వేడి రాకను ఆలస్యం చేస్తుంది, అంతే. లోపలికి చేరిన వేడి బయటికి పోయే దారి లేకపోతే, మందంగా కూరిన ఆ సరుకే రాత్రంతా మిమ్మల్ని ఉడకబెడుతుంది. అందుకని మొదటి ఖర్చు గాలికి, రెండవది నీడకు, మూడవది మాత్రమే ఇన్సులేషన్‌కు పెట్టండి.

టాపు లోపలి గుడ్డను జాగ్రత్తగా దించి, రేకుకు 10 మి.మీ. నైట్రైల్ రబ్బరు గాని, జిగురుతో వచ్చే ఎక్స్‌ఎల్‌పీఈ ఫోమ్ గాని అంటించి, తిరిగి గుడ్డ బిగించండి. గ్లాస్ వూల్ వద్దు. వానాకాలంలో తేమ పట్టిందంటే ఆరదు, వెనుక రేకు తుప్పు పడుతుంది. వెండి రంగు రేకు కాగితాన్ని నేరుగా ఇనుముకు అంటిస్తే దాని ప్రయోజనం పోతుంది. దాని ముందు కొంత గాలి ఖాళీ ఉంటేనే అది వేడిని తిప్పికొడుతుంది. అద్దాలకు మాత్రం ఆ వెండి తెరలు బాగా పనిచేస్తాయి, అయితే బయటి వైపు తగిలించాలి. లోపల తగిలిస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.

ఇక కరెంటు. మీరు అడిగిన సామానుకు 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి సరిపోతుంది. అందులో సుమారు 1,280 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 25 వాట్ల ఫ్యాను రాత్రి పది గంటలు తిరిగితే 250 ఖర్చు. నలభై లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ మన వేసవిలో రోజుకు 400 నుంచి 500 వరకు తాగుతుంది. లైట్లు, ఫోన్లు కలిపి వంద వేసుకోండి. అంటే ఎండ లేకపోయినా ఒకరోజు గడిచి, మరుసటి రోజుకు కాస్త మిగులుతుంది. అదే ఇంజను ఆపాక బ్యాటరీతో నడిచే 600 వాట్ల పార్కింగ్ ఏసీ పెట్టారనుకోండి, రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ. ఇండక్షన్ పొయ్యి గురించి అసలు ఆలోచించకండి. 1,500 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 125 ఆంపియర్లకు పైమాట.

నింపుకోవడానికి రెండు దారులున్నాయి. బండి నడుస్తుండగా 20 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జరు (బండి కరెంటును ఈ బ్యాటరీకి ఎక్కించే పరికరం) ద్వారా నాలుగు గంటల్లో దాదాపు ఒక యూనిట్ ఎక్కుతుంది. ఆగిన చోట మడత సోలార్ పలక వాడండి. టాపు మీద బిగించిన పలకకు ఎండ కావాలి, లోపల మనకు నీడ కావాలి. ఈ తగవు తీరదు. మడత పలకైతే బండి చింతచెట్టు కింద, పలక పది మీటర్ల వైరుతో ఎండలో ఉంటాయి.

మీకు ఇంటి వైరింగ్ తెలుసునన్నారు కనుక ఒక్క మాట. ఇంట్లో గోడలో పడి ఉండే ఒంటి తీగ వైరు బండిలో వాడకండి. కుదుపులకు అది బిగింపు దగ్గర అలసి తెగుతుంది. సన్న తీగలు అనేకం కలిసిన రాగి వైరు, దాని కొసలకు నొక్కి బిగించిన లగ్గులు (లోహపు తొడుగులు) కావాలి. వైరు రేకు చిల్లులోంచి వెళ్ళే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (చిల్లు అంచుకు తొడిగే వలయం) తప్పనిసరి. అది లేకపోతే, కత్తివాదరలాంటి ఆ అంచు మీద వైరు ప్రతి గుంతకూ ఒరుసుకుని, తొడుగు తెగి, రాగి ఇనుమును తాకుతుంది. అలాంటి వేళ కాపాడేది ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో పెట్టిన ఫ్యూజు మాత్రమే. ఆ ఫ్యూజు ఉన్నది వైరు కోసం, ఫ్రిజ్ కోసం కాదు. వైరు ఎంత మోయగలదో చూసి ఎంచుకోండి. బ్యాటరీని ఇంజన్ వేడి తగలని చోట, కాళ్ళ దగ్గర పెట్టెలో బిగించండి.

ఆటోనగర్ వడ్రంగి:

నాది బెజవాడ ఆటోనగర్‌లో బాడీ పని. పైన రాసిన వారు ట్రావెలర్ ఊసెత్తకుండానే దాన్ని పక్కన పెట్టారు, ఆ ఒక్క విషయంలో నేను విభేదిస్తాను. ట్రావెలర్‌ను అంత తేలికగా కొట్టివేయనవసరం లేదు. వ్యక్తిగత వినియోగానికి ఉన్న క్యాంపర్ వ్యాన్‌ను కేంద్ర ప్రభుత్వం రవాణాయేతర వాహనాల (సొంత కార్ల వంటివాటి) జాబితాలోనే చేర్చింది. మోటారు క్యారవాన్‌లకు ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది. లైసెన్సు గురించి కూడా భయపడనక్కరలేదు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ (కారు వంటి తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాకపోతే ఆ దారిలో వెళ్ళదలిస్తే పర్మిట్ అప్పగించడం, పన్ను బకాయిలు తీర్చడం, బండి తరగతి మార్పించడం, గుర్తింపు ఉన్న బాడీ బిల్డరు చేత పని చేయించి ఆమోదం తెచ్చుకోవడం ఇవన్నీ ఉంటాయి. మీ చేత్తో మీరు చేసుకోవాలన్న సరదా అందులో తీరదు. మీరు అడిగినది ఆ సరదా గురించే కనుక, ఈకోతోనే ఉండమని నేనూ అంటాను.

చెక్కపని వచ్చినవారు చేసే పని ఒకటుంది: ఇంటి బీరువా చేసినట్టు బండి సామాను చేస్తారు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న 18 మి.మీ. ప్లైవుడ్ షీటు ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది, 12 మి.మీ. అయితే ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఐఎస్ 710 ముద్ర ఉన్న (నీటికి తట్టుకునే) 12 మి.మీ. పలక తీసుకుని, కింద అల్యూమినియం గొట్టంతో చట్రం కడితే పడక ఇద్దరిని మోస్తుంది. పైగా నీళ్ళు ఉన్నాయి. ఇరవై లీటర్ల క్యాను అంటే ఇరవై కిలోలు. బరువైనవన్నీ కింద, వెనుక చక్రాలకు ముందు వైపు వచ్చేలా సర్దండి. మొత్తం నింపుకున్నాక, మీరిద్దరూ ఎక్కి, దారిలో ఏదైనా వేబ్రిడ్జి మీద తూకం వేయించి, ఆర్సీలో ఉన్న గరిష్ఠ బరువుతో పోల్చండి.

పెట్టెను బండి నేలకు మరలు కొట్టి బిగించడం మాత్రం వద్దు. ఈకో నేల కింద పెట్రోలు ట్యాంకు, పైపులు, బ్రేకు గొట్టాలు పోతుంటాయి. పైనుంచి డ్రిల్లు దింపితే అది దేనికి తగులుతుందో పైనున్నవారికి కనబడదు. సీటు బోల్టుల దగ్గర గట్టి పట్టా వేసి, రాట్చెట్ బెల్టుతో (పిడి ఆడించి బిగించే పట్టీతో) కట్టండి. చేత్తో ఊపితే పెట్టె కాదు, బండి మొత్తం ఊగాలి. సడన్ బ్రేకు వేసినప్పుడు కట్టని పెట్టె వచ్చి ఆగేది మీ వీపు మీదే.

పొయ్యి బండి లోపల వెలిగించవద్దు. వెనుక తలుపు ఎత్తితే అదే చూరు. దాని కింద మడత బల్ల వేసుకుని కాచుకోండి. గ్యాసు గాలికన్నా బరువు కనుక కారితే బండి నేల మీద, మీ పడక కింద పేరుకుంటుంది. ఇంధనం కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంకా ప్రమాదం, దానికి వాసన కూడా ఉండదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయింది జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌ వల్లనే. ఇంజను నడుపుతూ ఏసీ వేసుకుని పడుకోవడం కూడా ఆ కోవలోనిదే. బ్యాటరీతో నడిచే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తలగడ ఎత్తులో పెట్టుకోండి.

కొండారెడ్డి బురుజు:

అందరికీ కృతజ్ఞతలు. ట్రావెలర్ ఆలోచన మానుకున్నాము. అట్టపెట్టెల పరీక్షలో మా ఇంటావిడ నేను అనుకున్న ఎత్తును ఒప్పుకోలేదు, నాలుగంగుళాలు తగ్గించమంది. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. టాపు కోయకుండా గాలి బయటికి పోయే మార్గం ఎలా? రాత్రి ఎక్కడ ఆపుకోవడం మంచిది?

గోదావరిఖని ఎండ:

ఈకో పక్క తలుపు అద్దం జరుగుతుంది కదా. ఆ జరిగిన ఖాళీ కొలత తీసుకుని, అందులో దూరేలా 6 మి.మీ. పలక కోసి, దానికి రెండు 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు గాలిని బయటికి తోసేలా బిగించండి. ఎదురు వైపు అద్దం తెరిచి దోమల జాలి పెట్టండి. ఫ్యాన్లు రెండూ కలిసి అయిదారు వాట్లే తింటాయి. పడుకునే గంట ముందు తలుపులన్నీ బార్లా తెరిచి లోపలి వేడిని పోనిచ్చి, ఆ తరువాత పలక పెట్టండి. ఇంత చేసినా ఏప్రిల్, మే నెలల్లో గండికోటలో బండిలో నిద్ర పడుతుందని నేను హామీ ఇవ్వలేను. ఆ రెండు నెలలు కొండల మీదికి వెళ్ళండి, లేదా ఇంట్లో ఉండండి.

పాత ఈకో:

ఆగే చోట్ల విషయానికి వస్తే, మేము ముందుగా అడిగి ఆగుతాము. హైవే మీది పెద్ద పెట్రోలు బంకులు, ఆవరణ ఉన్న సత్రాలు, టూరిజం వారి హరిత హోటళ్ళ పార్కింగ్ మొదట ప్రయత్నించండి. హోటల్లో రాత్రి భోజనం చేస్తామంటే సాధారణంగా కాదనరు, స్నానం, మరుగుదొడ్డి సమస్య కూడా అక్కడే తీరుతుంది. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా రాత్రి ఉండడానికి వీల్లేదు. శ్రీశైలం వెళ్ళేటప్పుడు మన్ననూరు, దోర్నాల చెక్‌పోస్టులు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను వదలవు కనుక, మీరు ఎటునుంచి వెళ్ళినా చీకటి పడకముందే గేటు దాటేలా, లేదా గేటుకు ఇవతలే ఏదో ఒక ఊళ్ళో ఆగేలా చూసుకోండి.