ట్రాన్స్‌ప్లాంట్ అయి ఐదు వారాలు, పెట్టిన జుట్టంతా రాలిపోతోంది. ఇది మామూలేనా?

పటమట కుర్రాడు:
నాకు 29. ఏప్రిల్‌లో ఎఫ్‌యూఈ (తల వెనక నుంచి కుదుళ్లు ఒక్కొక్కటిగా తీసి నాటడం) చేయించుకున్నా, ముందు భాగంలో 2,400 గ్రాఫ్టులు, అంటే అలా తీసిన కుదుళ్లు పెట్టారు. మూడో రోజు నుదుటి వాపు కళ్ల మీదకి దిగి ఎడమ కన్ను అసలు తెరుచుకోలేదు, అమ్మ నన్ను చూసి ఏడ్చేసింది. అది తగ్గింది, పక్కులు ఊడాయి, కింద చిన్న చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తే ఎంత సంతోషమేసిందో. ఇప్పుడు తల తుడుచుకుంటే తువ్వాలు నిండా పొట్టి వెంట్రుకలు, గడ్డం గీసుకున్నాక సింకులో పడి ఉంటాయే, అలా. క్లినిక్‌కి ఫోన్ చేస్తే, డబ్బు కట్టేదాకా రోజుకి రెండుసార్లు చేసిన అమ్మాయే "డాక్టర్ గారికి చెప్తాం సార్" అని పెట్టేస్తోంది.

అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. గుండు చూసి వీధిలో అందరూ తిరుపతి వెళ్లొచ్చావా అంటే అవునన్నా, కింద పోర్షన్ పిన్నిగారు లడ్డూ ఏదయ్యా అని అడిగారు, నాకు నోట మాట రాలేదు. ఇరవై రెండో ఏట మొదలైంది ఈ గోల. ఫొటో చూసి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. అప్పు చేసి మరీ చేయించుకున్నా. రాత్రి రెండింటికి బాత్రూంలో ఫోన్ టార్చ్ వేసుకుని అద్దంలో చూసుకుంటున్నా. డబ్బు దండగేనా?

బ్రాడీపేట నాలుగో లైన్:
తమ్ముడూ, నాది గుంటూరు, నాకు అయి 14 నెలలు. సరిగ్గా నీలాగే ఐదో వారంలో నేనూ ఇదే ఏడుపు ఏడ్చా. దీన్ని షాక్ లాస్ అంటారు. రెండో వారం నుంచి రెండో నెల దాకా పెట్టినవి చాలావరకు రాలిపోతాయి. రాలేది పైన కనిపించే వెంట్రుకే, కుదురు చర్మం లోపల అలాగే ఉంటుంది, కొన్నాళ్లు పడుకుని లేస్తుంది. నాకు నాలుగో నెలలో సన్నగా, పసిపిల్లల జుట్టులా మొదలైంది, అంతకుముందు రెండు నెలలు మాత్రం ఆపరేషన్‌కి ముందుకంటే ఘోరంగా ఉన్నా. ఆరో నెలకి సగం పైన వచ్చింది. పూర్తిగా తెలియాలంటే ఏడాది, నడినెత్తికైతే ఇంకా ఎక్కువ.

తల మొద్దుబారి ఉంటే దానికీ భయపడకు, నెలలు పడుతుంది. మధ్యలో మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి, గిల్లకు. చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఎర్రదనం రోజురోజుకీ పెరుగుతున్నా ఫోన్‌లో బతిమాలుతూ కూర్చోకుండా ఎవరో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లిపో. బెజవాడ ఎండలో మాత్రం తల కాలనివ్వకు, వదులు టోపీ పెట్టుకో.

స్కిన్ పీజీ:
పైన చెప్పింది నిజమే. కానీ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పెట్టింది వెనక నుంచి తీసిన జుట్టు, దాన్ని బట్టతల తెచ్చే డీహెచ్‌టీ అనే హార్మోన్ పెద్దగా ఏమీ చేయదు. పెట్టిన చోటికి వెనకాల, నడినెత్తి మీద మిగిలిన మీ సొంత జుట్టుకి ఆ రక్షణ లేదు, అది రాలుతూనే ఉంటుంది. ఫినాస్టరైడ్ 1 మి.గ్రా. మాత్ర, తలకి పూసుకునే మినాక్సిడిల్ డాక్టర్లు రాసిచ్చేది అందుకే. ఫినాస్టరైడ్‌తో కొద్దిమందికి కోరిక తగ్గడం, మనసు దిగాలుగా ఉండటం ఉంటాయి. మీరు వేసుకుంటున్నారా? రాత్రి రెండు గంటలప్పుడు నిద్ర మాని బాత్రూంలో గడుపుతున్నారంటే ఆ మాత్ర సంగతి కూడా డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. సిగ్గుపడి దాచే మగవాళ్లే ఎక్కువ మా ఓపీలో.

ఇంకోటి, అసలు చేసిందెవరో కనుక్కున్నారా? ఇది ఎవరు చేయాలో నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. డాక్టర్ పేరు బోర్డు మీద, పని టెక్నీషియన్‌ది అన్నట్టు నడిచే చోట్లు ఉన్నాయి.

గుండు మావయ్య:
నాకు 44, ముప్పయ్యో ఏట మొత్తం గీయించేశా. ఇక్కడ అందరూ మళ్లీ వస్తుంది, మళ్లీ వస్తుంది అంటున్నారు, వస్తుంది సరే. ఈలోపు ఎనిమిది నెలలు ఆ పిల్లాడు అద్దం ముందే బతకాలా? ఒక్క స్నేహితుడికైనా చెప్పు బాబూ. నేను మా బావమరిదికి చెప్తే వాడు పది నిమిషాలు నవ్వి, తర్వాత తన బట్టతల చూపించాడు, అప్పటిదాకా నేను గమనించనే లేదు! ఫొటో చూసి వెళ్లిపోయిన సంబంధాల గురించి నేనేం చెప్పను, మా ఆవిడ గుండు చూసే చేసుకుంది, పిచ్చిది.

పటమట కుర్రాడు:
అందరికీ థాంక్స్. శనివారం సూర్యారావుపేటలో వేరే స్కిన్ డాక్టర్‌కి చూపించుకున్నా. కుదుళ్లు బాగానే ఉన్నాయన్నారు, మాత్ర గురించి అడిగితే చెప్పా, నెల చూసి మళ్లీ రమ్మన్నారు. ఆపరేషన్ ఎవరు చేశారంటే... మత్తు ఇంజెక్షన్ దాకానే డాక్టర్ గారు కనిపించారు. టార్చ్ నిన్న రాత్రి కూడా వేశా, అబద్ధమెందుకు. మా రూమ్మేట్ ఒకడికి చెప్పా, వాడు నవ్వలేదు, ఎంతైందిరా అని అడిగాడు. ఇంకొకటి, అమ్మ కొబ్బరినూనె పట్టిస్తానని వెంటపడుతోంది, ఏం చేయను?

బ్రాడీపేట నాలుగో లైన్:
నూనెతో పెట్టిన జుట్టు త్వరగా ఏమీ రాదు తమ్ముడూ. ఈ ఎండల్లో జిడ్డు, చెమట కలిసి పొక్కులు లేస్తే మళ్లీ నువ్వే ఇక్కడికొస్తావు. డాక్టర్ సరే అనేదాకా కాళ్లకి రాయమను.