వాన వెలిశాక వినే పాటలు చెప్పండి ప్లీజ్

రోజూ జరిగేవాటి మీద ప్లేలిస్టులు చేస్తుంటానండి, గిన్నెలు తోమేటప్పుడు ఒకటి, లాస్ట్ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకటి అలా. ఇప్పుడు వాన మీద చేస్తున్నా, మబ్బు పట్టడం దగ్గర మొదలై చూరు నుంచి చుక్కలు ఆగి ఆగి పడేదాకా వరసగా వెళ్ళాలి. మొదట్లో అమృతవర్షిణి రాగం పెట్టా, వాన రప్పించే రాగం అంటారు కదా. జోరువానకి సినిమా పాటలు బోలెడున్నాయి కానీ నాకు దొరికినవన్నీ స్పీడు డ్యూయెట్లే, వెలిశాక ఉండే ఆ నిశ్శబ్దానికి ఒక్కటీ కుదరట్లేదు. వీణ గానీ ఫ్లూట్ గానీ, మాటలు లేకపోయినా పర్లేదు, మీకు తెలిసినవి చెప్తారా? ఇంకోటి, పాత బ్లాక్ అండ్ వైట్ పాట రాగానే సౌండ్ తగ్గిపోతోంది, క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే తర్వాతది మొదలయ్యే సెట్టింగ్) 12 సెకన్లు పెట్టినా అతుకు తెలిసిపోతోంది, ఇది ఎలా సరిచేయాలి?