పాత టేకు తలుపుల రంగును వేడితో తీయించడం క్షేమమేనా?

కొల్లాపూర్ మనుమడు: మా తాతగారు కట్టించిన ఇంట్లో చెక్కడపు పని ఉన్న టేకు తలుపులున్నాయి. పెళ్లికీ పండుగకూ పూస్తూ వచ్చిన ఎనామిల్ రంగు పొరలుగా పేరుకొని, ఆ పనితనమంతా పూడిపోయింది. పెయింటర్ మంట చిమ్మే బ్లో ల్యాంప్‌తో కాల్చి గీకేస్తానంటున్నాడు, బంధువొకరు కరెంటుతో వేడిగాలి ఊదే హీట్ గన్ మేలంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

నల్లమల వడ్రంగి: బ్లో ల్యాంపే మేలు. రంగు బొబ్బలెత్తగానే మంటను పక్కకు తిప్పి, చెక్క చారల వెంబడి స్క్రాపర్‌తో లాగితే టేకు నల్లబడదు. హీట్ గన్‌తో అదే పనికి చాలా సమయం పడుతుంది.

నల్లగొండ రసాయనం: చెక్క నల్లబడుతుందా లేదా అన్నది చిన్న సంగతి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించరాదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుండి అమలైంది. అంతకుముందు పూసిన పొరల్లో సీసం ఉందనుకొనే పని చేయాలి. మంట తగిలితే అది పొగగా లేస్తుంది. అందుకే సీసపు రంగును మంటతో కాల్చడాన్ని అమెరికా పర్యావరణ సంస్థ నిషేధించింది, హీట్ గన్‌నైనా సుమారు 593 సెల్సియస్ డిగ్రీల లోపే వాడమంది.

నల్లమల వడ్రంగి: సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కదా సార్, మరి 593 దాకా ఎలా ఒప్పుకున్నారు?

నల్లగొండ రసాయనం: కరగడం వేరు, పొగగా లేవడం వేరు. పైగా రంగులో ఉండేది లోహపు ముద్ద కాదు, సీసపు సమ్మేళనాలు. అయినా రంగు మెత్తబడటానికి అంత వేడి అవసరం లేదు కనుక, గన్‌ను తక్కువలోనే ఉంచి, ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి.

పాలమూరు పక్షి: సాండింగ్ మెషీన్ పెడితే పూటలో తేలిపోయే పనికి ఇంత చర్చా?

నల్లగొండ రసాయనం: పొడిగా రుద్దితే సీసపు ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది, పాకే పిల్లల చేతుల నుండి నోటికి చేరుతుంది. సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

గద్వాల కోడలు: మీరిద్దరూ డిగ్రీల దగ్గరే ఆగిపోయారు. మా ఇంట్లో పనివారు వెళ్లిపోయాక, ద్వారబంధానికీ గోడకూ నడుమ సందులో ఉన్న పిచ్చుక గూడు రాజుకుంది. పైన ఉన్న రంగు అద్దం వేడికి పగిలింది, దాని ఖర్చు మాకే పడింది. హీట్ గన్ అయినా నిప్పుతో సమానమే కనుక, పని పొద్దున్నే ముగించి సాయంత్రం దాకా ఎవరైనా కనిపెట్టుకొని ఉండాలి.

నల్లమల వడ్రంగి: అమ్మా, అది పనివారి అశ్రద్ధ, పనిముట్టు తప్పు కాదు. సార్, మిమ్మల్నొకటి అడుగుతాను. తలుపుకింతని గుత్తకు మాట్లాడుకొని, నిదానంగా చేశానని చివరి డబ్బుల్లో కోత పెట్టిన యజమాని నాకు తగిలాడు. మీరు చెప్పిన నిదానానికి కూలీ ఎవరిస్తారు? గుత్త బేరంలో బ్లో ల్యాంప్ తప్ప ఏది గిట్టుబాటవుతుంది?

నల్లగొండ రసాయనం: ఆ పొగను అందరికంటే ముందు పీల్చేది మీరూ మీ దగ్గర పని నేర్చుకునే కుర్రవాడూ అనే ఇంత చెబుతున్నాను. ముఖానికి కట్టుకున్న దస్తీ దాన్ని ఆపదు. టేకు నిగనిగ చూడాలన్న ముచ్చట యజమానిది కనుక ఖర్చూ ఆయనదే. భరించలేనివారు, రంగు గట్టిగా పట్టి ఉంటే దానిమీదే మరో పూత వేయించుకోవచ్చు.

నల్లమల వడ్రంగి: ఈ మాట మొదట్లోనే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. రోజుకూలీ ఇచ్చే ఇంట్లో హీట్ గన్ పట్టడానికి నాకేం అభ్యంతరం?

గద్వాల కోడలు: గీకిన పెచ్చులను స్నానాల నీళ్లు కాచే పొయ్యిలో వేయకండి. గన్ 2,000 వాట్లదైతే ఫ్యాన్లకు వాడే చిన్న ప్లగ్గులో పెట్టకండి.

కొల్లాపూర్ మనుమడు: చెక్కడం ఉన్న జోడు తలుపులను మాత్రమే మడతబందులు విప్పి, పిల్లలు తిరగని పెరట్లో టార్పాలిన్ మీద, రోజుకూలీకే చేయిస్తాను. వడ్రంగి గారూ, రోజుకు ఎంత తీసుకుంటారు?

నల్లమల వడ్రంగి: తలుపులు చూడకుండా చెప్పను. ఫొటో పెట్టండి.