మాంగోడీబీలో స్టెప్‌డౌన్ ఇచ్చాక నిమిషం పైగా ఇన్సర్ట్‌లు ఫెయిల్: డేటా పోయినట్టేనా?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది మూడు సర్వర్ల మాంగోడీబీ డేటాబేస్ రెప్లికా సెట్ (ఒకే డేటా మూడింటిలోనూ ఉంటుంది), వెర్షన్ 6. నిన్న రాత్రి ప్యాచింగ్‌కి ముందు ప్రైమరీ (కొత్త డేటాని తీసుకునే సర్వర్) మీద స్టెప్‌డౌన్ కమాండ్ (ఆ బాధ్యత నుంచి దిగిపొమ్మని) ఇచ్చాను. ఇంకో సర్వర్ వెంటనే ప్రైమరీ అయింది. కానీ అప్లికేషన్‌లో ఏది సేవ్ చేసినా "నాట్ ప్రైమరీ" అనే ఎర్రరే. నేను ఏమీ ముట్టుకోకుండానే నిమిషం దాటాక సర్దుకుంది. పొద్దున చూస్తే రెండు రసీదులు లేవు. రోల్‌బ్యాక్ (రాసిన డేటాని సర్వర్ వెనక్కి తీసేయడం) అయ్యాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
కనెక్షన్ స్ట్రింగ్‌లో (అప్లికేషన్ వాడే డేటాబేస్ చిరునామాలో) ఎన్ని సర్వర్ల పేర్లున్నాయి? పాత ప్రైమరీకి ప్రయారిటీ (ప్రైమరీ కావడానికి ఇచ్చిన ప్రాధాన్యం) ఎంత?

ప్రశ్న అడిగినవారు:
పాత ప్రైమరీ పేరు ఒక్కటేనండీ. డైరెక్ట్ కనెక్షన్ ట్రూ అని కూడా ఉంది. ప్రయారిటీ దానికి 2, మిగతా వాటికి 1.

జవాబు:
చిక్కంతా అక్కడే ఉంది. డైరెక్ట్ కనెక్షన్ పెడితే డ్రైవర్ (అప్లికేషన్‌ని డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) ఆ ఒక్క సర్వర్‌నే పట్టుకుని కూర్చుంటుంది, కొత్త ప్రైమరీ ఎవరో వెతకదు. సెకన్లు ఇవ్వకుండా స్టెప్‌డౌన్ కొడితే పాత సర్వర్ 60 సెకన్ల దాకా మళ్ళీ ప్రైమరీ కాలేదు. ఆ గడువు తీరాక, ప్రయారిటీ ఎక్కువ కాబట్టి ఎలక్షన్ (ప్రైమరీ ఎవరో తేల్చే సర్వర్ల ఓటింగ్) పెట్టి మళ్ళీ తనే ప్రైమరీ అయింది. మీరు చూసిన నిమిషం అదే. ఆ సెట్టింగ్ తీసేసి, మూడు సర్వర్ల పేర్లూ రెప్లికా సెట్ పేరూ ఇవ్వండి.

రసీదుల విషయంలో నాకు రోల్‌బ్యాక్ మీద అనుమానం లేదు. మామూలు స్టెప్‌డౌన్‌లో ప్రైమరీ, సెకండరీ (తన డేటాని కాపీ చేసుకునే సర్వర్) తనని అందుకునేదాకా 10 సెకన్లు ఆగుతుంది, అందుకోకపోతే దిగనే దిగదు. రోల్‌బ్యాక్ భయం ప్రైమరీ ఉన్నట్టుండి పడిపోయినప్పుడు, అదీ మెజారిటీ సర్వర్లకు చేరని డేటాకే. అయినా మనశ్శాంతి కోసం పాత సర్వర్ డేటా డైరెక్టరీలో రోల్‌బ్యాక్ ఫోల్డర్ ఉందేమో చూడండి. తీసేసిన డాక్యుమెంట్లు (రికార్డులు) మామూలుగా అందులో ఫైళ్ళుగా ఉంటాయి.

అది లేకపోతే అప్లికేషన్ లాగ్ తెరవండి. డ్రైవర్ ఫెయిలైన ఇన్సర్ట్‌ని ఒక్కసారి తనే మళ్ళీ పంపుతుంది. మీ దగ్గర ఆ రెండోసారి కూడా అదే సర్వర్‌కి వెళ్ళి ఫెయిలై ఉంటుంది, ఆ ఎర్రర్ లాగ్‌లో ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఫోల్డర్ లేదండీ. లాగ్‌లో ఆ రెండు రసీదుల నంబర్లూ దొరికాయి. మా కోడ్ ఎర్రర్‌ని పట్టుకుని, లాగ్‌లో రాసి, స్క్రీన్ మీద మాత్రం "సేవ్ అయింది" అని చూపిస్తోంది. రెండూ మళ్ళీ ఎక్కించాను. చాలా థాంక్సండీ.

ఇంకొకరు:
ఇదే సందర్భంలో నాదో సందేహం. సర్వర్ నిజంగా క్రాష్ అయితే ఎంతసేపు ఆగాలి?

జవాబు:
సర్వర్లు 2 సెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. 10 సెకన్లు ప్రైమరీ పలక్కపోతే ఎలక్షన్ మొదలవుతుంది. డిఫాల్ట్ సెట్టింగ్‌లతో మామూలుగా 12 సెకన్లలోపు తేలిపోతుంది. డ్రైవర్ కొత్త ప్రైమరీ కోసం 30 సెకన్లు ఎదురుచూస్తుంది కాబట్టి యూజర్‌కి కాస్త నెమ్మదించినట్టే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: అప్‌డేట్‌మెనీ, డిలీట్‌మెనీలను (ఒకేసారి చాలా డాక్యుమెంట్లను మార్చే, తీసేసే కమాండ్లను) డ్రైవర్ మళ్ళీ పంపదు. మధ్యలో ఆగితే కొన్ని డాక్యుమెంట్లు మారి, కొన్ని మారకుండా మిగులుతాయి. వాటిని రెండుసార్లు నడిపినా లెక్క తప్పకుండా రాసుకోండి. "బ్యాలెన్స్‌కి 100 కలుపు" అని రాస్తే, మళ్ళీ నడిపినప్పుడు కొందరికి 200 పడుతుంది.